తరగని గ్లాసు

మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు, ఆసుపత్రి రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం మీదున్న పెద్దాయన అనుమతికి మించి నీళ్లు తాగినట్టు తేలింది. ఎంత మించి తాగాడో గ్లాసు చూసి చెప్పడం కుదరలేదు. మొదట పోసినప్పుడు నీళ్లు ఏ మట్టానికి ఉన్నాయో అప్పుడూ అక్కడే ఉన్నాయి. కరాఫ్ చూస్తే తెలిసింది. నిండుగా వచ్చిన ఆ గాజు కూజాలో అడుగున రెండు వేళ్ల నీళ్లు మిగిలాయి.

పోసినవాణ్ణి అతను పనిచేసే హోటల్లో అందరూ చుక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతను కూడా ఓ క్షణం ఆగి పలుకుతాడు. ఆ పేరు పెట్టింది పెద్దాయనే. పనిలో చేరిన మొదటి వారంలో అతను బల్లగుడ్డ మీద నీళ్లు ఒలకబోశాడు. "చుక్కే కదండీ" అన్నాడు. "అయితే ఇవాళ్టి నుంచి నువ్వు చుక్కవే" అన్నాడు పెద్దాయన. ఇప్పుడతనికి నలభై దాటాయి. భోజనశాలకు అతనే పెద్ద. కింద పనిచేసేవాళ్లు చుక్క సార్ అంటారు.

అంతకుముందు ఆ ఉద్యోగం పెద్దాయనది. వయసులో ఉండగా ఆయన ప్రయాణికుల ఓడల్లో వడ్డించాడు. అక్కడ పట్టుబడిన ఫ్రెంచి మాటలతోనే హోటల్లో పని నడిపించాడు. మధ్యాహ్నం భోజనాలు అయిపోయాక, రాత్రి భోజనాలు మొదలయ్యేలోపు, గ్లాసులు తుడిచే గదిలో కొత్తవాళ్లను వరసగా నిలబెట్టి పాఠం చెప్పేవాడు. వెర్ అంటే గ్లాసు. సన్నగా నిలువుగా ఉంటే ఫ్లూట్. బొజ్జ ఉంటే బలోన్. పిడి ఉన్న బీరు గ్లాసు షోప్. కప్పు టాస్. నీళ్లు ఓ.

"నీళ్లడిగితే 'ఓ' అని పలకాలా గురువుగారూ?" అన్నాడు ఆ వరసలో ఒకడు.

"పలకడం కాదు నాయనా, పరిగెత్తాలి" అన్నాడు పెద్దాయన.

గ్లాసోన్ అంటే మంచుముక్క. గ్లాసోన్ తెమ్మంటే గ్లాసు పట్టుకొచ్చేవాడు ఎప్పుడూ ఒకడుండేవాడు. వాడి అరచేతిలో మంచుముక్క పెట్టి, కరిగేదాకా గుప్పిట విప్పనిచ్చేవాడు కాదు. "చెయ్యి జివ్వుమంటే గాని మాట బుర్రకెక్కదు" అనేవాడు.

మాటలకంటే గట్టిగా నేర్పింది ఇంకొకటుంది. అతిథి గ్లాసులో నీళ్లు సగానికి దిగకూడదు. అతిథి నోరు తెరిచి అడగకూడదు. పోసినట్టు ఆయనకు తెలియకూడదు. ఆయన పక్కవాళ్లతో కబుర్లలో ఉండగా కుడివైపు నుంచి వెళ్లి, పోసి, వెనక్కి వచ్చెయ్యాలి. "గ్లాసు తరగకూడదు, చెయ్యి కనపడకూడదు" అన్నది పెద్దాయన శాసనం. చుక్క చేతికి అది ఎంతగా పట్టిందంటే, ఇంట్లో అన్నాల దగ్గర కూడా పిల్లల గ్లాసులు నింపుతూనే ఉండేవాడు. "ఆ చెయ్యి కాస్త కట్టేసుకోండి మహానుభావా, పక్కబట్టలు ఉతకలేక చస్తున్నాను" అని భార్య మొత్తుకునేది.

కిందటి నెలలో పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మింగడం దెబ్బతింది. ముక్కులోంచి గొట్టం వేసి పాలూ మందులూ పోస్తున్నారు. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని మంచానికి కాగితం అంటించారు. భార్య మొహం చూసి కళ్లు తుడుచుకునేవాడు గాని ఆవిణ్ణి పేరు పెట్టి పిలవలేకపోయాడు. అన్నం అనలేకపోయాడు, వద్దు అనలేకపోయాడు.

మాటనూ మింగుడునూ చూసే డాక్టరమ్మ ఒకావిడ రోజూ వచ్చేది. చెట్టు, ఆవు, గొడుగు బొమ్మలున్న అట్టలు చూపించేది. పెద్దాయన వాటిని ఒక్కసారి చూసి గోడవైపు తిరిగేవాడు. ఆవిడ చుక్కను వరండాలోకి పిలిచి అడిగింది.

"ఉద్యోగంలో ఆయన నోట ఎక్కువగా వచ్చే మాటలేంటండీ?"

"తిట్లు కాకుండానా మేడమ్?"

"తిట్లయినా పర్లేదు. ఏదో ఒకటి రావాలి ముందు."

మర్నాడు చుక్క హోటల్ నుంచి గ్లాసులు బట్టలో చుట్టి తెచ్చాడు. మంచం మీదికి లాగే బల్లపై వరసగా పేర్చాడు. పెద్దాయన ఎడమ చేత్తో ఒకటి తీసి కిటికీ వెలుతురుకు ఎత్తాడు. దాని అంచు మీద వేలిముద్ర ఉంది. అది చుక్కకు చూపించాడు. తరవాత "వెర్" అన్నాడు.

వారం తిరిగేసరికి బల్ల మీదున్న వాటన్నిటి పేర్లూ వచ్చాయి. అవును అనడానికి వీ, కాదు అనడానికి నోన్ వచ్చాయి. తెలుగు మాత్రం రాలేదు. "కట్టుకున్నదాన్ని నేను, కాపరం గాజుగ్లాసులతో" అంది ఆయన భార్య. చుక్క ఆవిణ్ణి అమ్మా అంటాడు. ఇలా ఎందుకు జరుగుతుందని ఆవిడ అడిగితే, కొందరికి ఒక భాష పోయి ఇంకొకటి మిగులుతుందనీ, ఈయన విషయంలో ఎందుకో మాత్రం ఖాయంగా చెప్పలేననీ డాక్టరమ్మ అంది.

ఆ మాటలతోపాటు దాహం కూడా బయటికొచ్చింది. "ద్ లో" అన్నాడు ఒకరోజు. నీళ్లు కావాలని. చుక్క మంచానికున్న కాగితం చూపించాడు. పెద్దాయన మళ్లీ అడిగాడు. చుక్క లేచి డాక్టరమ్మను వెతుక్కుంటూ వెళ్లాడు.

ఆవిడ వచ్చి గొంతు మీద వేళ్లుంచి, చెంచాతో నీళ్లిచ్చి మింగించి చూసింది. తరవాత కొన్ని షరతులతో ఒప్పుకుంది. ముందు నోరు శుభ్రం చెయ్యాలి. నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కిందికి దించి గుక్క గుక్కగా తాగించాలి. పూటకు అర గ్లాసు, అంతే.

"పొలమారితే ఆపేస్తాం మేడమ్" అన్నాడు చుక్క.

"పొలమారితే మంచిదే, మనకు తెలుస్తుంది. ఈయనకు దగ్గు రాకుండానే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. అందుకే కొలత పెట్టాను."

మంగళవారం చుక్క కరాఫ్ నిండా కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చాడు. పాఠానికి కరాఫ్ కూడా బల్ల మీద ఉండాలని పెద్దాయన పట్టు. గ్లాసులో సగానికి పోశాడు. పెద్దాయన ఎడమ చేత్తో పట్టుకుని, గడ్డం దించి, ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. అమ్మ అటుపక్క స్టూలు మీద కూర్చుంది. చుక్క ఆవిడకు హోటల్ కబుర్లు చెప్పాడు.

"కొత్త మేనేజరు బల్లల మీద ప్లాస్టిక్ సీసాలు పెట్టమంటున్నాడమ్మా. మూతలతో సహా."

"ఈయన వింటే లేచి నడిచొస్తాడు."

"విన్నారు. చూడండి ఆ కనుబొమలు."

పెద్దాయన కనుబొమలు ముడిపడి ఉన్నాయి. ఆసుపత్రికి వచ్చాక అమ్మ నవ్వడం చుక్క చూడలేదు, అప్పుడు చూశాడు. ఆ నవ్వు ఆగకుండా ఉండడానికి ఇంకో కబురు ఎత్తుకున్నాడు. అతిథి ఒకాయన కట్టుడుపళ్లు తీసి బలోన్‌లో వేసిన సంగతి చెప్పాడు. దాని మీద ఇంకొకటి చెప్పాడు. పెద్దాయన మధ్యమధ్య గ్లాసు ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. మూడున్నరకు నర్సు రాసుకోవడానికి వచ్చింది.

"ఎంత తాగారు?" అని అడిగి, గ్లాసు వంక చూసి, "ఏం తాగలేదా?" అంది.

చుక్క గ్లాసు చూశాడు. తరవాత కరాఫ్ చూశాడు. కరాఫ్ తన చేతిలోనే ఉంది.

"తాగారు సిస్టర్."

"గ్లాసు అలాగే ఉందిగా?"

"నేను నింపుతూ ఉన్నాను."

"ఎందుకండీ?"

అమ్మే చెప్పింది. "నేనూ ఇక్కడే ఉన్నానమ్మా. నా కళ్ల ముందే పోశాడు. నాకూ తెలీలేదు."

నర్సు అతని చేతిలోంచి కరాఫ్ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

ఆ సాయంత్రం పెద్దాయనకు జ్వరం వచ్చింది. బుధవారం పొద్దున ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నిమ్ము పట్టిన మచ్చ కనపడింది. సెలైన్‌తో మందు మొదలుపెట్టారు. నీళ్లు ఆపేశారు. అది ఆ నీళ్ల వల్లేనా అని అమ్మ అడిగితే, కావచ్చు, ఉమ్మి దిగినా ఇలాగే అవుతుంది, తేల్చి చెప్పలేం అన్నాడు వార్డు చూసే పెద్ద డాక్టరు. చుక్క పక్కనే నిలబడి విన్నాడు. ఆ రోజు హోటల్లో అతను కరాఫ్ ముట్టుకోలేదు. నీళ్ల పని వేరేవాళ్లకు అప్పజెప్పి, గుమ్మం దగ్గర నిలబడి అతిథుల్ని కూర్చోబెట్టాడు.

ముక్కు గొట్టం ఎంతోకాలం ఉంచడానికి లేదు. పొట్టకు రంధ్రం చేసి గొట్టం వేద్దామని పెద్ద డాక్టరు చెప్పాడు. అది వేస్తే నోటికి ఇక ఏమీ ఇవ్వరు. వెయ్యకపోతే మెత్తటి తిండి చెంచాతో, నీళ్లు గుక్కలతో ఇవ్వాలి. అప్పుడు మచ్చ మళ్లీ రావచ్చు, అదే ప్రాణం మీదికి తేవచ్చు. అమ్మ గొట్టానికి సంతకం చేస్తానంది. డాక్టరమ్మ అడ్డుపడింది.

"మనిషికి తెలివుంది సార్. ఆయన్ని అడగాలి."

"ఏ భాషలో అడుగుతావమ్మా?"

"ఆయనకున్న మాటల్లోనే."

"గ్లాసులూ నీళ్లూ తప్ప ఏమున్నాయి ఆయన దగ్గర?"

"మనం అడగాల్సిందీ నీళ్ల సంగతే కదా సార్."

పెద్ద డాక్టరు శుక్రవారం తన ఎదురుగా అడగమన్నాడు. ఆ మాటలు ఎరిగినవాడు చుక్క ఒక్కడే కాబట్టి అడగాల్సింది అతనే అని తేలింది.

గురువారం సాయంత్రం అమ్మ అతన్ని లిఫ్టు దగ్గర ఆపింది.

"నువ్వే అడుగుతావటగా?"

"అవునమ్మా."

"వద్దు అనేట్టు అడుగు."

చుక్క లిఫ్టు బటన్ నొక్కాడు.

"నాకేం తెలీదనుకోకు. నలభై ఏళ్లు విన్నాను ఈ కథలు. కరాఫ్ మూతి గ్లాసు మీదికి వంచి అడిగితే ఎవడైనా సరే పొయ్యమంటాడు. ఒంటికి ఆనించి పట్టుకుని అడిగితే చాలంటాడు. ఈయనే చెప్పి నవ్వేవాడు, ఖరీదైన వైన్ ఎలా అమ్మేవాడో. అలా పట్టుకో. నోన్ అంటాడు. పొట్టలో గొట్టముంటే ఏం, మనిషి నా కళ్ల ముందు ఉంటాడు."

"గురువుగారు కనిపెట్టేస్తారమ్మా."

"ఇదివరకటి మనిషా ఆయన? కనిపెట్టడు." ఆవిడ గొంతు లేచింది. "నీ చేత్తో ఒకసారి చేసింది చాలదురా? ఇంకోసారి చేస్తావా?"

లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకుని, ఎవరూ ఎక్కకపోవడంతో మూసుకున్నాయి.

"అనకూడని మాట అన్నాను" అంది అమ్మ.

"అనండమ్మా. మీరు కాక నన్నెవరంటారు?" అన్నాడు చుక్క. అడగమన్నట్టే అడుగుతాననిగాని, అడగననిగాని చెప్పలేదు. నిజానికి అతని కోరికా ఆవిడ కోరికే. గొట్టం వేసేస్తే ఆ నోటికి ఇంకెవరూ నీళ్లు పొయ్యక్కర్లేదు. అతను అసలే పొయ్యక్కర్లేదు. మెట్లు దిగుతూ అతను అనుకున్నది అదే.

శుక్రవారం పదకొండింటికి మంచం చుట్టూ కర్టెన్ లాగారు. పెద్దాయన్ని దిళ్లు పెట్టి కూర్చోబెట్టారు. జ్వరం ఇంకా ఉంది. పెద్ద డాక్టరు కాళ్ల దగ్గర నిలబడ్డాడు. అమ్మ స్టూలు మీద కూర్చుంది. ముందుగా ఆయన వీ అంటే అవుననీ నోన్ అంటే కాదనీ తెలిసే అంటున్నాడా అని డాక్టరమ్మ చూడమంది. కావాలని తప్పు పేర్లు కలిపి అడగమని చుక్కకు చెప్పింది.

చుక్క ఫ్లూట్ ఎత్తి అడిగాడు. "సెత్ యూన్ కరాఫ్?" ఇది కరాఫా అని.

"నోన్. ఫ్లూట్."

బలోన్ ఎత్తి బలోనా అన్నాడు. "వీ." మంచినీళ్ల గ్లాసు ఎత్తి షోపా అన్నాడు. "నోన్. వెర్." కప్పు ఎత్తి, ఇది కూడా షోపేనా అన్నాడు. పెద్దాయన కప్పు వంకా అతని మొహం వంకా చూశాడు. తెలిసినవాడు వరసగా తప్పులు చెప్పడం ఆయన ఓర్చుకోలేదు.

"చుక్కా!" అని అరిచాడు.

కర్టెన్ అవతల ఎవరో ఉలిక్కిపడి మందుసీసా జారవిడిచారు. జబ్బు చేశాక పెద్దాయన నోట వచ్చిన మొదటి తెలుగు మాట అది.

అమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "పోనీలే," అంది. "తిట్టడానికైనా ఒకడి పేరు దొరికింది."

డాక్టరమ్మ తల ఊపి, ఇక అడగమన్నట్టు చూసింది. బల్ల మీద ఎడమవైపు ఒక గ్లాసు బోర్లించి పెట్టారు. వడ్డించేవాళ్ల లెక్కలో బోర్లించిన గ్లాసంటే ఆ కుర్చీకి నీళ్లు పొయ్యక్కర్లేదని. దాని పక్కన పొట్టకు వేసే గొట్టం పెట్టారు. కుడివైపు నిలబెట్టిన గ్లాసు. దాని పక్కన ఎక్స్‌రే ఫిల్ము. అడగడానికి కరాఫ్ చుక్క చేతికిచ్చారు. డాక్టరమ్మ గొట్టం ఆయన పొట్టకు ఆనించి, బోర్లించిన గ్లాసు చూపించింది. తరవాత నిలబెట్టిన గ్లాసు చూపించి, గొంతు మీద నుంచి ఛాతీ దాకా వేలు రాసి, ఫిల్ములో మచ్చ మీద ఆ వేలు ఉంచింది. కళ్లు మూసుకుని తల వాల్చి చూపించింది. పెద్దాయన ఫిల్ము ఎడమ చేత్తో తీసుకుని కిటికీకి ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. కింద పెట్టి చుక్క వైపు తిరిగాడు.

చుక్క అడగడానికి నోరు తెరిచాడు. అప్పుడు చూసుకున్నాడు, కరాఫ్ తన రొమ్ముకు ఆనుకుని ఉంది. ఎడమ అరచెయ్యి మూతి మీద ఉంది. అలా పట్టుకుందామని అతను అనుకోలేదు. అమ్మ స్టూలు మీద ముందుకు వంగింది. పెద్దాయన కళ్లు కరాఫ్ మీదే ఉన్నాయి.

చుక్క కరాఫ్ తీసుకెళ్లి కిటికీ గట్టు చివర పెట్టాడు, ఇద్దరికీ అందనంత దూరంలో. వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఆంకోర్ ద్ లో, మెస్యూ?" అన్నాడు. ఇంకా నీళ్లు కావాలా అయ్యా అని. బోర్లించిన గ్లాసు చూపించి, "సాన్ ఓ?" అన్నాడు. నీళ్లు లేకుండానా అని.

పెద్దాయన నిలబెట్టిన గ్లాసు మీద చెయ్యి వేశాడు. "ద్ లో" అన్నాడు.

చివర విన్నదాన్నో మొదట విన్నదాన్నో పట్టుకుంటున్నాడేమో చూద్దాం, తిప్పి అడగండి అంది డాక్టరమ్మ. గ్లాసుల చోటు కూడా మార్చింది. చుక్క ముందు సాన్ ఓ అన్నాడు, తరవాత ఆంకోర్ అన్నాడు. పెద్దాయన చెయ్యి బల్లకు అడ్డంగా జరిగి నిలబెట్టిన గ్లాసు దగ్గర ఆగింది. "ద్ లో."

పెద్ద డాక్టరు గొట్టం చేతిలోకి తీసుకుని ఆయన మొహం ముందు పట్టుకున్నాడు. పెద్దాయన దాన్ని రెండు వేళ్లతో తీసి, బోర్లించిన గ్లాసు పక్కన పెట్టి, "నోన్" అన్నాడు.

అమ్మ లేచి వెళ్లి ఆయన దుప్పటి సర్దింది. సర్దిందే మళ్లీ సర్దింది. "ఆయన మాట కాదని నేనెప్పుడు చేశాను గనక" అంది, ఎవరితోనూ కాదు. చుక్క వైపు చూడలేదు. కాసేపయ్యాక చూసింది. "అన్నం తిన్నావా?" అని అడిగింది.

"లేదమ్మా."

"వెళ్లి తినిరా. నేనుంటాను."

రోగి స్వయంగా నోటి ద్వారా తీసుకోవడానికే ఇష్టపడ్డారనీ, ప్రమాదం ఆయనకూ భార్యకూ వివరించామనీ పెద్ద డాక్టరు రాశాడు. కింద అమ్మ సంతకం చేసింది. ఆదివారం జ్వరం దిగింది. సోమవారం ముక్కు గొట్టం తీసేశారు. బుధవారం చక్రాల కుర్చీలో కిందికి దించి ఇంటికి పంపారు.

ఇంట్లో ఆయన చెంచాతో తిన్నాడు, గ్లాసుతో తాగాడు. చుక్క సెలవురోజుల్లో వెళ్లి పాఠానికి కూర్చునేవాడు. మూడో నెలలో జ్వరం తిరగబెట్టింది. ఇంటికొచ్చి చూసిన డాక్టరు ఆసుపత్రికి తీసుకెళ్దామంటే పెద్దాయన నోన్ అన్నాడు. అమ్మ సరే అంది. ఆ వారంలోనే గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన పోయాడు. రెండు ఊపిరితిత్తులకూ నిమ్ము పట్టిందని డాక్టరు చెప్పాడు. ఆ సమయానికి చుక్క భోజనశాలలో పనిలో ఉన్నాడు. కబురు అందాక, హోటల్ బట్టలు మార్చుకోకుండానే వెళ్లాడు.